ఆరని దుంగ

మా జాలారిపేట ఒడ్డున ఒక మాట వాడుకలో ఉంది. విశాఖపట్నంలో ఇంకెక్కడా అది వినపడదు. ఎవడైనా ఇసకలో కాళ్ళు చాపుకుని కూర్చుంటే, అటుగా పోయేవాళ్ళు "ఏటి బావా, తాన్ సేత్తన్నావా?" అంటారు. అదే మాట నాలుగు వీధులు దాటి అంటే మొహం వింతగా చూస్తారు. ఎందుకంటే అది మన మాట కాదు. హాంకాంగ్ వైపు చీనావాళ్ళు మాట్లాడే కాంటనీసులో మాట. దాన్ని తెచ్చి మా ఇసకలో దింపినవాడు అర్జునరావు బావ. ఓడలెక్కి పోయిన మిగతావాళ్ళు రేడియోలు తెచ్చారు, నైలాన్ చీరలు తెచ్చారు. ఒకడు గోడగడియారం తెచ్చి, దిగేటప్పుడు నీళ్ళలో పడేసుకున్నాడు. ఈయన ఒక్క మాట పట్టుకుని దిగాడు.

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. నాకది చేతకాదు. అర్జునరావు బావ మంచివాడే. కానీ ఆ మంచితనం బరువంతా చాలా ఏళ్ళు ఇంకొకరి నెత్తి మీద ఉంది. ఆ ఇంకొకరు పోతమ్మ, ఆయన భార్య. మా పెదనాన్న కూతురు కాబట్టి నాకు అప్ప, అంటే అక్క, అవుతుంది; పోతప్ప అని పిలుస్తాను, ఆ వరసన ఆయన బావ. ఒకరి గురించి చెప్పాలంటే ఇద్దరి గురించీ చెప్పాలి.

బావ మీసాలు వచ్చీ రాని వయసులో కలకత్తా పోయి, అక్కడ మన ఒడ్డువాళ్ళ గదిలో తలదాచుకుని, చివరికి ఒక సరుకుల ఓడలో ఖలాసీగా కుదిరాడు. డెక్కు కడగడం, తుప్పు గోకడం, రంగు వెయ్యడం, మోకులు లాగడం. మధ్యలో వచ్చి పోతప్పను పెళ్ళి చేసుకున్నాడు, మళ్ళీ పోయాడు. డెబ్భైల మొదట్లో ఆ ఓడ రిపేరు కోసం హాంకాంగ్‌లో ఆగింది. యజమానులకూ రిపేరు చేసేవాళ్ళకూ ఏదో తగాదా వచ్చి, వారాల్లో కావలసిన పని నెలలు సాగింది. ఓడ గట్టెక్కి కూర్చుంటే ఖలాసీలకు పనేముంటుంది? ఆ ఓడలో ఆ వింగ్ అని ఒక ముసలి వంటవాడు ఉండేవాడు, ఆ ఊరివాడే. బావంటే ఎందుకో ఇష్టం. రోజూ పొద్దున్నే వెంటబెట్టుకుని ఒక టీ కొట్టుకు తీసుకుపోయేవాడు.

ఆ టీ కొట్టు గురించి బావ ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. ముసలాళ్ళు పిట్టల పంజరాలు పట్టుకుని వస్తారట. వాటిని పైన కొక్కేలకు తగిలించి కింద కూర్చుంటారట. టీలో పాలుండవు, పంచదారుండదు. చిన్న చిన్న పింగాణీ గిన్నెల్లో పోసుకుంటారు. ఒకడు పోస్తే రెండోవాడు నోటితో ఏమీ అనడు, రెండు వేళ్ళు మడిచి బల్ల మీద టకటకమని తడతాడు. మెచ్చుకోలంతా అందులోనే. తెల్లారి కూర్చున్నవాళ్ళు పొద్దు నడినెత్తికెక్కినా లేవరు. బావకు మొదట్లో కాళ్ళు ఊగిపోయేవట. పని లేకుండా కూర్చున్నందుకు ఎవరైనా వచ్చి బూతులు తిడతారేమోనని గుమ్మం వైపు చూస్తుండేవాడు. అప్పుడు ఆ వింగ్ ఆయన మోకాలి మీద చెయ్యి వేసి, ఊగకుండా అదిమిపట్టి, "తాన్" అన్నాడు.

దానర్థమేమిటని మేం అడిగినప్పుడల్లా ఒక్కో విధంగా చెప్పేవాడు. తీరుబడి అనేవాడు ఒకరోజు. మర్నాడు, కాదు, తీరుబడి పనయ్యాక వచ్చేది, ఇది పని నడుమ కూడా ఉంటుంది అనేవాడు. బద్ధకానికి చీనావాళ్ళు పెట్టుకున్న పేరు కాబోలు అని మా అమ్మ దేముడమ్మ అంటే నొచ్చుకున్నాడు.

"బద్దకం కాదత్తా. బద్దకస్తుడు కూకుంటాడు గానీ ఆడి మనసు ఊరంతా తిరుగుతాది. తాన్ సేసినోడి మనసు కూడా ఆడి పక్కనే కూకుంటాది."

"మనసు కూకుంటే కూకోనీ నాయినా. గంప ఎవుడు మోత్తాడు?" అంది మా అమ్మ.

అప్పటికి బావ ఓడలు మానేసి ఒడ్డుకు వచ్చేశాడు. ఆ పాత ఓడను అమ్మేశారు, కొత్తదాంట్లో కుదురుతావా అంటే కుదరనన్నాడు. వాళ్ళ నాన్న తెప్ప ఉంది, తమ్ముడు వరహాలు ఉన్నాడు. అన్నదమ్ములిద్దరూ వేటకు పోవడం మొదలుపెట్టారు.

తెప్పంటే పడవ కాదు. తేలిక కర్ర దుంగలు పక్కపక్కన పేర్చి తాళ్ళతో బిగించి కట్టినది. అల వస్తే నీళ్ళు దుంగల సందుల్లోంచి పైకొచ్చి అలాగే దిగిపోతాయి, అందుకే అది మునగదు. కానీ దుంగ నీళ్ళు తాగుతుంది. వేట నుంచి రాగానే కట్లు విప్పి, దుంగలు దేనికది విడదీసి, ఇసక మీద ఎండలో పడెయ్యాలి. ఆరిన దుంగ మనిషిని మోస్తుంది. తాగిన దుంగ మనిషిని ఈడుస్తుంది. ఆరని దుంగలు కట్టి సముద్రంలో దింపడం మా ఒడ్డున ఎవరూ చెయ్యరు. చెయ్యకూడదని ఎవరూ ఎవరికీ నేర్పరు కూడా. నిప్పులో చెయ్యి పెట్టకూడదని నేర్పుతారా?

ఆ దుంగలు ఆరే సమయం బావకు దొరికింది. హాంకాంగ్ టీ కొట్టు మా ఇసకలోకి వచ్చింది. బావ దుంగలన్నిటికీ చివర ఓడల్లో తుప్పుకు పూసే ఎర్రరంగు పట్టీలా పూశాడు. ఓడ అలవాటు. ఆ ఎర్ర చివర దగ్గర కూర్చునేవాడు. పక్కన మూడు రాళ్ళు, వాటి మీద సత్తు గిన్నె, అందులో బెల్లం టీ. పిట్టల పంజరం లేదు, కాకులున్నాయి. మొదట్లో అందరూ నవ్వారు. తర్వాత వరహాలు కూర్చున్నాడు, తర్వాత ఇంకో నలుగురు. కొన్నాళ్ళకు టీ పోస్తే దుంగ మీద రెండు వేళ్ళతో తట్టడం మా ఒడ్డు మగాళ్ళందరికీ వచ్చేసింది. పెళ్ళిళ్ళలో కూడా తట్టేవాళ్ళు. వేరే ఊరి చుట్టాలు వీళ్ళకేదో చేతి జబ్బు ఉందనుకున్నారు.

ఇంతవరకూ వింటే బాగానే ఉంటుంది. మా వీధిలో ఈ కథ చెప్పుకునేవాళ్ళు చాలామంది ఇక్కడే ఆపేస్తారు. కానీ మగాళ్ళు దుంగలు ఆరబెట్టుకుని టీ తాగే ఆ వేళలోనే ఆడవాళ్ళు పరుగెత్తుతుంటారు. తెప్ప ఒడ్డు తాకేసరికి మగాడి పని అయిపోతుంది, ఆడదాని పని మొదలవుతుంది. చేప ఎవరికోసమూ ఆగదు. ఎండ ముదిరితే కన్ను తెల్లబడుతుంది, మొప్ప నల్లబడుతుంది, బేరం సగానికి పడిపోతుంది. పోతప్ప చేపలు గంపలోకి ఎత్తుకుని, తల మీద గుడ్డచుట్ట పెట్టుకుని, నీళ్ళు కారుతున్న గంపతో లగెత్తేది. నడక కాదది. మోకాళ్ళు కొంచెం వంచి, మెడ కదలకుండా, చేతులు రెండూ ఊపుతూ ఒక రకం పరుగు. పోర్టు క్వార్టర్ల వైపు ఆవిడకు వాడిక ఇళ్ళుండేవి, రోజూ ఆవిడ దగ్గరే కొనేవి. గోదావరి జిల్లాల నుంచి, కృష్ణా నుంచి ఉద్యోగాలకు వచ్చిన కుటుంబాలు. ఆ ఇళ్ళన్నీ తిరిగి, మిగిలితే పూర్ణా మార్కెట్లో కూర్చుని, ఇంటికొచ్చి అన్నం వండేది. ఆవిడ నిలబడి తినేది. నడుస్తూ జడ వేసుకునేది. మా ఒడ్డున తొందరను 'బేగి' అంటారు. పోతప్పను 'బేగమ్మ' అని పిలిచేవాళ్ళు. ఆ పేరుకు ఆవిడ పలికేది కూడా.

ఆవిడంటే బావకు ప్రేమ. ఇది నేను ఊహించి చెప్పడం లేదు, ఎవరికైనా కనిపించేది. పిల్లలు పుట్టి నిలవలేదు. ఆ ఇంట్లో ఉన్నది వాళ్ళిద్దరే. రాత్రి నిద్రలో కూడా ఆవిడ మెడ గంప కింద ఉన్నట్టే బిగుసుకుని ఉంటుందని ఒకసారి మాతో అన్నాడు. మర్నాడు పొద్దున్న ఆవిడ గంప ఎత్తుకునే వేళకు టీ గ్లాసు తీసుకెళ్ళి ఇచ్చాడు. ఆవిడ నిలబడే, పొగలు కక్కుతున్న టీని ఒక్క గుక్కలో మింగేసి, గ్లాసు చేతిలో పెట్టి పోయింది. నాలుక కాలిందో లేదో చెప్పడానికి కూడా ఆగలేదు. ఈయన ఖాళీ గ్లాసు పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

ఆ రోజు నుంచి బావకు ఒకటే కోరిక. పోతప్ప ఒక్క పొద్దు తన పక్కన దుంగ మీద కూర్చోవాలి. పనికి పోకుండా, లేవాలన్న ఆలోచన లేకుండా, గిన్నెలో టీ అయిపోయేదాకా. అంతకుమించి ఏమీ అడగలేదు. ఆవిడ నవ్వేసేది.

"నాను కూకుంటే సేపలు కూడా కూకుంటాయేటి మావా? నీ తాన్ నా కాళ్ళ మీద నడుత్తోంది. నా కాళ్ళు ఆగితే అది పడిపోద్ది."

ఆ మాట నిజం. బావకు కూడా తెలుసు అది నిజమని. అందుకే మరీ పట్టుకున్నాడు.

దారి ఒకటే ఉంది. ఏడాదికొకసారి, ఎండాకాలంలో, అమ్మోరి పండగ. ఆ రోజు మా ఒడ్డున తెప్ప కదలదు. తెప్ప కదలకపోతే చేప లేదు, చేప లేకపోతే గంప లేదు. ఆ పొద్దున కూర్చుందామని పోతప్ప మాటిచ్చింది. మొదటి ఏడు వాళ్ళ అమ్మ మంచాన పడింది. రెండో ఏడు పండక్కి చుట్టాలు దిగబడి, తెల్లారేసరికే పొయ్యి దగ్గర చేరింది. వచ్చే ఏడు అంది. బావ సరేనన్నాడు. తొందర లేనివాడు కదా.

ఈలోగా చేపల రేవు వచ్చింది. మరబోట్లు వచ్చాయి. వాటికి దుంగలు ఆరబెట్టుకునే పని లేదు, మా అమ్మోరితో చుట్టరికమూ లేదు. మా తెప్పలు ఒడ్డున పడుకున్న రోజు కూడా రేవులో వేలం పాట సాగుతుంది. వేరే పేటల ఆడవాళ్ళు అక్కడ కొనుక్కుని అమ్ముకోవచ్చు. వెనకటికి పండగ రోజు ఎవరి గంపలోనూ చేప ఉండేది కాదు కాబట్టి ఎవరి వాడికా పోయేది కాదు. ఇప్పుడు ఒక్కరోజు మన గంప ఆగితే ఇంకొకరి గంప ఆ గుమ్మంలో దిగుతుంది. ఒకసారి దిగిన గంప లేస్తుందా? పోతప్ప భయం అది. రేవు వచ్చిన ఏడాది పండగ పొద్దున ఆవిడ చీకట్లో లేచి, రేవుకు పోయి, వేలంలో కొనుక్కుని క్వార్టర్లకు పోయింది. బావ రెండు గ్లాసులు పెట్టుకుని దుంగ మీద ఎదురుచూశాడు. ఎండెక్కాక ఒక గ్లాసు ఇసకలో పారబోశాడు. పోట్లాడలేదు. ఆ పూట అన్నం తినలేదు, అంతే.

మరుసటి ఏడు పండగకు ముందురోజు జరిగింది చెప్పాలి.

ఆ పొద్దున వేట సరిగా పడలేదు. గంప అడుగున కాసిని కవళ్ళు, చిన్న చేపలు, అంతే. అన్నదమ్ములు తెప్ప విప్పి దుంగలు ఆరబెట్టారు. పోతప్ప ఆ కాస్తా తీసుకుని పోయి తొందరగానే తిరిగొచ్చింది. మా అమ్మ కూడా వెంట ఉంది, కాబట్టి ఆ మాటలు ఆవిడ చెవిన పడ్డాయి. బావ మళ్ళీ అదే అడిగాడు, రేపు కూర్చుంటావా అని. పోతప్ప ఈసారి నవ్వలేదు. అలిసిపోయి ఉంది. గంప బోర్లించి, దాని మీద చెయ్యి ఆనించి చెప్పింది.

"కూకుంటాను మావా. నాకు మాత్రం ఉండదేటి? ఈ సాయంత్రం నా గంపలో మంచి సేప పడితే అన్ని ఇళ్ళకీ ఇచ్చీసి వత్తాను. రాత్రికి పులుసెట్టుకుంటారు. పులుసు మర్నాడే కదా రుచి. రేపు పొద్దున్న ఆళ్ళకి సేప అక్కర్లేదు, నా గుమ్మంలోకి ఇంకో గంప రాదు. అప్పుడు కూకుంటాను. సాయంత్రం రేవులో సేప దొరుకుతాదో నేదో మరి?"

చేపల పులుసు రాత్రి వండి మర్నాడు తింటేనే బాగుంటుందని ఈ ఊళ్ళో తెలియనివాడు లేడు. ముక్కకు పులుపు పట్టాలి. ఇంత చిన్న విషయంలో అంత పెద్ద దారి దొరికింది ఆ ఇద్దరికీ. సూర్యకాంతమ్మ గారని గోదావరి వైపు ఆవిడ, పోతప్ప వాడిక ఇళ్ళలో పెద్ద ఇల్లు. ఆవిడకు సాయంత్రం చేప తెస్తానని పోతప్ప పొద్దున్నే చెప్పి వచ్చింది కూడా. రేవులో కొందామనుకుంది. కానీ ఆ మధ్యాహ్నం రేవు నుంచి వచ్చినవాళ్ళు, పండగకని పెద్ద బేరగాళ్ళు ముందే ఎత్తుకుపోయారు, గంప ఆడవాళ్ళకు చెత్త చేప కూడా మిగల్లేదు అన్నారు. బావ అది విన్నాడు. దుంగల వైపు చూశాడు.

ఆ తర్వాతది వరహాలు చెప్పింది. అన్న వచ్చి దుంగలు చేత్తో తడిమి, తాళ్ళు తెమ్మన్నాడు. వరహాలు మొదట నవ్వులాటనుకున్నాడు. దుంగలు పైన ఎండి తెల్లగా కనిపిస్తున్నా కిందివైపు ఇంకా నీళ్ళు కారుతున్నాయి. పైగా మధ్యాహ్నం దక్షిణపు గాలి లేస్తుంది, ఎండాకాలం ఆ వేళ ఎవరూ దిగరు.

"తడి దుంగన్నా. నాను రాను. నువ్వు కూడా ఎల్లకు. రేపు కాకపోతే వచ్చే ఏడు కూకుంటాది వదిన."

"ప్రతేడూ వచ్చే ఏడేనేట్రా? దగ్గర్లోనే వల ఏసి వచ్చీత్తాను. నువ్వు బేగి కట్టు."

బావ నోట 'బేగి' అనే మాట వినడం అదే మొదలని వరహాలు ఇప్పటికీ చెబుతాడు. అన్న మాట కాదనలేక తాళ్ళు బిగించాడు. తనెక్కలేదు. ఎక్కనందుకు మా ఒడ్డున ఎవరూ వరహాలును ఒక్క మాట అనలేదు. తడి దుంగలు ఇద్దర్ని మొయ్యవు. తప్పు దిగినవాడిది. బావదే ఆ తప్పు, నేను దాన్ని ఇంకో పేరుతో పిలవను. జీవితమంతా తొందర వద్దని ఒడ్డంతటికీ నేర్పినవాడు, తొందర లేని ఒక్క పొద్దు కోసం తొందరపడ్డాడు.

అలలు దాటడం చూశారు. తెప్ప నీళ్ళలో బాగా దిగి పోతోందని, మనిషి నడుము దాకా నీళ్ళలో కూర్చున్నట్టు కనిపించాడని చూసినవాళ్ళు చెప్పారు. తర్వాత గాలి లేచింది. సముద్రం మీద తెల్లని నురుగు ఒడ్డు పొడవునా లేచింది. పొద్దు వాలింది. పోతప్ప గంప కడిగి పెట్టుకుని, గుడ్డచుట్ట చేత్తో పట్టుకుని ఒడ్డుకు వచ్చింది. తెప్ప తాకగానే ఎత్తుకుని పోవాలి. పులుసు వేళ మించిపోతోందని ఆవిడ మొదట విసుక్కుంది. ఆ విసుగును తలుచుకుని తర్వాత ఎంత ఏడ్చిందో మా అమ్మకే తెలుసు.

సముద్రం మనిషిని ఉంచేసుకుంటే మా ఒడ్డున తెప్పలు కదలవు, గంపలు లేవవు. పండగ డప్పులు తెచ్చినవాళ్ళు అలాగే తిరిగిపోయారు. తెల్లారింది. రేవుకు ఎవరూ పోలేదు. ఎవరూ పొయ్యి ముట్టించలేదు. ఆ పండగ పొద్దున పోతప్ప ఇసకలో కూర్చుంది. పనికి పోలేదు, లేవాలన్న ఆలోచన లేదు, ఎండ నడినెత్తికెక్కినా కదల్లేదు. బావ అడిగింది అదే. అడిగినది అలా దొరికింది.

మనిషి దొరకలేదు.

కొన్నాళ్ళకు భీమిలి అవతల నుంచి కబురొచ్చింది. ఒక దుంగ కొట్టుకొచ్చిందని, చివర ఎర్రరంగు ఉందని. కట్లు తెగి మిగతావి ఎటు పోయాయో తెలియదు. వరహాలు, ఇంకో నలుగురు వెళ్ళి దాన్ని బండి మీద తీసుకొచ్చారు. రోజుల తరబడి నీళ్ళలో నాని రాయిలా బరువెక్కింది. ఎక్కడ పడెయ్యాలో తెలియక నిలబడితే పోతప్ప చోటు చూపించింది. బావ కూర్చునే చోటే, అల అందనంత పైన.

"ఇక్కడ ఆరెయ్యండి" అంది.

కర్మలయ్యాయి, మైల తీరింది. మనిషి పోయినా ఆకలి పోదు కాబట్టి ఆవిడ మళ్ళీ గంప ఎత్తింది. మొదటిరోజు మా అమ్మ తోడు వెళ్ళింది. సూర్యకాంతమ్మ గారి గుమ్మంలో గంప దించారు. బావ పోయిన సాయంత్రం సూర్యకాంతమ్మ గారు చింతపండు నానబెట్టుకుని ఎదురుచూసిందట. మర్నాడు సంగతి విని ఆ చింతపండు నీళ్ళు పారబోసిందట. ఇన్ని వారాలూ వేరే ఎవరి దగ్గరా కొనలేదు. గడపలో కూర్చుని పోతప్ప చెయ్యి పట్టుకుని, అసలా ఎండలో, ఆ గాలిలో ఎందుకు వెళ్ళాడమ్మా అని అడిగింది. పోతప్ప ఉన్నది ఉన్నట్టు చెప్పింది. పండగ రోజు రాకపోతే మీరు ఇంకొకరికి మారిపోతారని భయపడ్డాను అంది.

సూర్యకాంతమ్మ గారు ఆ చెయ్యి వదల్లేదు.

"ఒక్కరోజు చేపలు లేకపోతే పప్పు వండుకుంటాం కదమ్మా. ఆ మాత్రం దానికి మారిపోతానా? నువ్వు ఒక్క మాట చెబితే సరిపోయేది కదా."

ఆవిడ మంచి మనసుతోనే అంది. కానీ అంత క్రూరమైన మాట నేను వినలేదు. పోతప్ప చెయ్యి విడిపించుకుంది. చేపలు తూకం వేసి, గంప ఎత్తుకుని, మిగతా ఇళ్ళు తిరిగింది. దారిలో మా అమ్మతో ఒక్కటే అంది. అడగొచ్చని తనకు ఎప్పుడూ తోచలేదని. మా ఒడ్డు ఆడవాళ్ళలో ఎవరికీ తోచలేదు. గంప మోసేవాళ్ళు అడగరు.

అప్పటి నుంచి ఆవిడ నడక మారింది. పరుగు పోయింది. ఎండ ముదిరితే ముదిరింది, చేప కన్ను తెల్లబడితే తెల్లబడింది. పక్క గంపలవాళ్ళు దాటిపోతూ "ఏటి బేగమ్మా, నిద్దరోతన్నావా?" అని దెప్పేవాళ్ళు. తర్వాత ఆ పేరుతో పిలవడం మానేశారు. ఇళ్ళన్నీ అయ్యాక ఖాళీ గంప చంకన పెట్టుకుని ఇంటికి పోకుండా ఆ దుంగ దగ్గరికి వచ్చేది. ఎర్ర చివర ఖాళీగా వదిలి, ఇవతల కూర్చునేది. మొదట్లో నిమిషానికోసారి లేచేది. ఎవరో పిలిచినట్టు ఇంటివైపు చూసేది. మోకాళ్ళు ఊగుతూనే ఉండేవి. వాటిని అదిమిపట్టడానికి ఎవరూ లేరు. తనకిది రాదని, నేర్పాల్సినవాడు నేర్పకుండానే ఎల్లిపోనాడని మా అమ్మతో అనేది. మా అమ్మ పక్కన కూర్చునేది. సత్తు గిన్నె, మూడు రాళ్ళు మళ్ళీ వచ్చాయి. అప్పటిదాకా ఆ చోట ఆడది కూర్చోలేదు. ఇప్పుడు పొద్దుపోయేలోగా ఐదారుగురు గంపలు దించుకుంటారు. మా అమ్మ టీ పోస్తుంది. పోతప్ప నోటితో ఏమీ అనదు, దుంగ మీద రెండు వేళ్ళతో తడుతుంది. చప్పుడు కూడా వినపడదు.

ఇది జరిగి ఏళ్ళయింది. వరహాలు ఆ రోజు తర్వాత మళ్ళీ తెప్ప ఎక్కలేదు. స్టీలు ప్లాంటు కట్టే దగ్గర కంట్రాక్టరు కింద ఇనుము మోసే పనికి పోతున్నాడు. పొద్దున్నే లారీ ఎక్కి పోతాడు, రాత్రికి ఒళ్ళంతా తుప్పు రంగుతో వస్తాడు. ఒడ్డున తెప్పలు తగ్గాయి. కర్ర దొరకడం కష్టమైంది, దొరికినా కొనేలా లేదు. అందుకని దుంగల్లో మంచిదేదైనా కనిపిస్తే అందరి కళ్ళూ దాని మీదే. పోయిన పండగకు ముందు మా వీధి కుర్రాళ్ళు ఇద్దరు కొత్త తెప్ప కట్టుకుంటూ, ఒక్క దుంగ తక్కువైందని, పోతప్పను అడిగిపెట్టమని నా దగ్గరికి వచ్చారు. బావ పేరు చెప్పుకునే తెప్పవుతుంది, దుంగ ఊరికే పాడైపోతోంది కదా అన్నారు. వాళ్ళు చెప్పిందాంట్లో అబద్ధం లేదు. వెళ్ళాను.

పండగ పొద్దు. తెప్పలు కదల్లేదు. రేవు వైపు నుంచి మరబోట్ల చప్పుడు వస్తూనే ఉంది. పోతప్ప గంప ఇంటి దగ్గరే వదిలి వచ్చి దుంగ మీద కూర్చుని ఉంది. పక్కన రెండు గ్లాసులు. ఒకటి నాకు ఇచ్చింది. రెండు వేళ్ళతో తట్టాను. కుర్రాళ్ళ సంగతి చెప్పాను. ఎన్నో ఎండాకాలాలు చూసిన దుంగ అది. పైపొర లేచి బూడిద రంగుకు తిరిగింది. ఎర్రరంగు ఇంత మరకగా మిగిలింది. పొడవునా పగుళ్ళు, ఒక పగులులో నా వేలు దూరింది. లోపల కూడా పొడి.

"ఆరింది కదప్పా?" అన్నాను.

ఆవిడ కిందికి వంగి, దుంగ అడుగున అరచెయ్యి పెట్టి తడిమింది. అలా చాలాసేపు ఉంచింది. మోకాళ్ళు ఊగడం లేదు. తర్వాత చెయ్యి తీసి చీరకు తుడుచుకుని, చల్లారిపోయిన టీ గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"నేదురా, అడుగున ఇంకా తడుంది. ఆర్నీ. తొందరేటి?"